స్టార్ ట్రెక్ పాత సిరీస్: మంచి ఎపిసోడ్లు ఏరుకుని చూస్తే సరిపోతుందా?

కౌముది
1966 నాటి అసలు స్టార్ ట్రెక్ చూద్దామని కూర్చున్నా, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష ఓడ సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ టీవీ సిరీస్. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, ఒక్కోటి యాభై నిమిషాలు. అన్నీ చూసేంత తీరిక లేదు. అందుకని "టాప్ టెన్" లిస్టు ఒకటి పట్టుకుని అందులో మొదటి నంబరుతోనే మొదలుపెట్టాను, 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. చూసినవాళ్లంతా కళ్లనీళ్లు పెట్టుకున్నామనే రాస్తారు. నాకు బాగానే ఉందనిపించింది, అంతకుమించి ఏమీ లేదు. ఆ కెప్టెన్ కిర్క్ ఎలాంటివాడో, ఆ మొనదేలిన చెవుల స్పాక్ ఎందుకలా బిగదీసుకుని ఉంటాడో, ఆ డాక్టర్ కోసం వీళ్లిద్దరూ ఎందుకంత తెగిస్తారో ఏమీ తెలియకుండా చూస్తే ఆ ముగింపు మనసుకి ఎలా ఎక్కుతుంది? లిస్టులు రాసేవాళ్లు ఆ ముక్క చెప్పరెందుకు? ఏరుకుని చూడటం ఈ సిరీస్‌కి అసలు పనికొస్తుందా, లేక మొత్తం చూడాల్సిందేనా?

పాతటీవీ
అది మొదటి సీజన్‌లో 28వ ఎపిసోడ్. 1967 ఏప్రిల్ 6న వచ్చింది. అప్పటికి అమెరికాలో జనం ఏడు నెలలుగా వారం వారం ఆ ముగ్గురినీ చూస్తున్నారు. మీరు నేరుగా అక్కడికి దూకారు, అందుకే అంటలేదు.

ఎర్రచొక్కా
మొత్తం మాత్రం చూడక్కర్లేదు. 'స్పాక్స్ బ్రెయిన్' చూడకపోతే ఎవరికీ ఏ లోటూ రాదు. అందులో స్పాక్ మెదడు ఎత్తుకుపోతారు, మిగిలిన ఒంటిని డాక్టర్ రిమోట్‌తో నడిపిస్తుంటాడు. మూడో సీజన్ మొదలైందే దాంతో.

నిశిరాత్రి
@ఎర్రచొక్కా ఈ సిరీస్‌లో ఆ రంగు చొక్కా వేసుకున్న సిబ్బంది ఏ గ్రహం మీదా మొదటి పాట దాకా బతకరు, మీ సలహా ఎలా నమ్మమంటారు :)

సరే, నా మాట. ఏరుకోవద్దు. వరసగా చూడండి. మంచివాటి మధ్యలో వచ్చే మామూలు ఎపిసోడ్లే ఆ ఓడని ఇల్లులా చేస్తాయి. ఎప్పుడూ శిఖరాలే చూస్తే ఎత్తు తెలియదు.

ఎర్రచొక్కా
పాట దాకానా, ఇందులో పాటలు కూడా ఉన్నాయి గురూ. 'ది వే టు ఈడెన్'లో హిప్పీలు ఓడ ఎక్కి పాడతారు. వరసగా చూడమన్న పాపానికి అది మీరే చూపించండి ఆవిడకి.

వల్కన్_బాబాయ్
కౌముదీ, లిస్టు చెడ్డది కాదమ్మా, వరస చెడ్డది. లిస్టులన్నీ ఏది గొప్పదో చూసి పేరుస్తాయి, ఏది ముందు చూడాలో ఆలోచించవు. ఈ సిరీస్‌లో ఏ ఎపిసోడ్‌కా ఎపిసోడ్ విడి కథ. కిందటి వారం ఏం జరిగిందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాబట్టి కథలకి వరస అక్కర్లేదు. కానీ మనుషులకి కావాలి. వాళ్లు పరిచయమయ్యేదాకా రెండు మూడు ఎపిసోడ్లు ఓపిక పట్టాలి.

నేనైతే ముందు 'ది కార్బొమైట్ మన్యూవర్' చూడమంటాను. నమూనాగా తీసిన రెండు పైలట్ ఎపిసోడ్ల తర్వాత రెగ్యులర్ సిరీస్ కోసం మొట్టమొదట తీసింది అదే, ప్రసారం మాత్రం పదో వారంలో జరిగింది. ఓడ ఒక్కచోటే ఇరుక్కుపోయి ఉంటుంది, చుట్టూ శూన్యం, ఎదురుగా తమకంటే వెయ్యి రెట్లు బలమున్నవాడు. కిర్క్ తుపాకీ తీయడు, పేకాటలో లాగా బుకాయిస్తాడు. ఆయన ఎలాంటి కెప్టెనో ఆ ఒక్క బుకాయింపుతో తెలిసిపోతుంది.

తర్వాత 'ది నేకెడ్ టైమ్'. ఓడలో ఒక అంటురోగం లాంటిది పాకుతుంది, తగిలినవాళ్లకి లోపలి అదుపు తెగిపోతుంది. ఓడ నడిపే సూలూ చొక్కా విప్పేసి కత్తి పట్టుకుని కారిడార్లలో పరిగెడతాడు, అది సరదా. కానీ స్పాక్‌కి తగిలినప్పుడు చూడు. ఎవరూ లేని గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటాడు. బల్ల దగ్గర కూలబడి అంకెలు వల్లించుకుంటూ తనని తాను కూడదీసుకోవాలని చూస్తాడు, వల్ల కాదు, ఏడుస్తాడు. తర్వాత కిర్క్ వస్తే, మా అమ్మకి ప్రేమిస్తున్నానని ఎన్నడూ చెప్పలేకపోయానంటాడు. ఆ సీన్ చూసినవాడికి ఇక మిగిలిన 70 పైచిలుకు ఎపిసోడ్లలో స్పాక్ కనుబొమ ఒక్కటి లేచినా దాని వెనక ఏముందో తెలుస్తుంది.

ఆ తర్వాత 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్', 'ది డెవిల్ ఇన్ ది డార్క్'. ఈ నాలుగూ అయ్యాక 'సిటీ' మళ్లీ చూడు. అప్పుడు చెప్పు.

సుధ_ఎం
బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా అమ్మాయికి నేను ఇలాగే చూపించాను. మొదట పాత సెట్లు, థర్మాకోల్ రాళ్లు చూసి ఒకటే నవ్వు. 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' సగానికొచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేసింది.

కౌముది
@సుధ_ఎం అందులో అంత ఏముంది? లిస్టులో ఉంది గానీ వివరం "జలాంతర్గాముల యుద్ధం లాంటిది" అని ఒక్క ముక్కే రాశారు.

సుధ_ఎం
ఒక పెళ్లితో మొదలవుతుంది. ఓడలోనే ఇద్దరు సిబ్బందికి కిర్క్ పెళ్లి చేయిస్తుంటాడు, మధ్యలో అలారం మోగుతుంది, ఎక్కడివాళ్లక్కడ డ్యూటీకి పరిగెడతారు. సరిహద్దు దాటి వచ్చిన శత్రు జాతి రోములన్ల ఓడ కంటికి కనపడదు. రెండు ఓడలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, చప్పుడు చేయకుండా కాచుకుని కూర్చుంటాయి. రోములన్లని మనుషులు అప్పటిదాకా చూసి ఉండరు. తెర మీద మొదటిసారి ఆ కమాండర్ మొహం కనిపించేసరికి అచ్చం స్పాక్ జాతివాడిలా ఉంటాడు. అంతే, ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జ్ (ఓడని నడిపే గది) మీద స్టైల్స్ అనే కుర్ర ఆఫీసర్ స్పాక్ వైపు అనుమానంగా చూడటం మొదలుపెడతాడు. బయట యుద్ధం, లోపల ఇది. కిర్క్ వెంటనే అతన్ని ఆపుతాడు, నీ ద్వేషాలు నీ గదిలో దాచుకో, ఈ బ్రిడ్జ్ మీద వాటికి చోటు లేదంటాడు.

శత్రువు కమాండర్‌ని కూడా దుర్మార్గుడిలా చూపించరు. యుద్ధాలతో విసిగిపోయిన మనిషి. వేసింది మార్క్ లెనార్డ్, తర్వాతి సీజన్‌లో ఆయనే స్పాక్ తండ్రిగా వస్తాడు. ఆ పెళ్లి సంగతి ఏమైందో నేను చెప్పను.

పాతటీవీ
1957లో వచ్చిన 'ది ఎనిమీ బిలో' సినిమా నుంచి తీసుకున్న అల్లిక అది, డిస్ట్రాయర్‌కీ జలాంతర్గామికీ మధ్య నడిచే కథ. తీసుకున్నా తమది చేసుకున్నారు. 'సిటీ'లో కూడా చివర్లో ట్రక్కు వచ్చి ఈడిత్...

గాలిపటం
అన్నా ఆగు!! నేనింకా చూడలేదు. స్పాయిలర్ అని పైన ఒక్క మాట రాయొచ్చుగా.

పాతటీవీ
అరవై ఏళ్లకి దగ్గరపడ్డ కథకి స్పాయిలరేంటి తమ్ముడూ.

గాలిపటం
కథకి అరవై అయితే కావచ్చు, చూసేవాడికి ఇవాళే కొత్త.

వల్కన్_బాబాయ్
గాలిపటం మాటే న్యాయం. ముగింపులు రాయకండి. 'సిటీ' గురించి రాసి తీరాలంటే స్క్రిప్టు గొడవ రాయండి, అందులో స్పాయిలర్ లేదు. హార్లన్ ఎలిసన్ రాసిన మొదటి ప్రతిని స్టూడియోవాళ్లు బాగా తిరగరాశారు, ఆయన ఆ కోపం చివరిదాకా వదల్లేదు. ఎలిసన్ అసలు ప్రతికి రైటర్స్ గిల్డ్ అవార్డు వచ్చింది, ప్రసారమైన ఎపిసోడ్‌కి 1968లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. రెండు పక్షాలూ గెలిచాయి, రాజీ మాత్రం కుదరలేదు.

లెక్కలమాస్టారు
ఎవరూ 'ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్' ఎత్తలేదేంటి? బొచ్చు బంతుల్లాంటి ముద్దొచ్చే జీవాలు, చేతిలో పెట్టుకుంటే కూస్తాయి, తిండి దొరికితే చాలు పిల్లలు పెడుతూనే ఉంటాయి. ధాన్యం గిడ్డంగి తలుపు తెరిస్తే కిర్క్ నెత్తిన వందలకొద్దీ వచ్చిపడతాయి. అన్నీ పడ్డాక కూడా ఒక్కొక్కటిగా టపటపమని రాలుతూనే ఉంటాయి, పైన కూర్చున్నవాళ్లు విసురుతూనే ఉన్నారు మరి.

నాకు నచ్చేది స్పాక్ లెక్క. గిడ్డంగిలో మొత్తం 17,71,561 ఉన్నాయంటాడు. నోటికొచ్చిన అంకె కాదది. ఒక్క ట్రిబుల్‌తో మొదలు, ఈతకి పది పిల్లలు, పన్నెండు గంటలకో తరం, మూడు రోజులు. తల్లితో కలిపి ప్రతి పన్నెండు గంటలకీ పదకొండు రెట్లు అవుతాయి, మూడు రోజుల్లో ఆరుసార్లు. వేసుకోండి: 11, 121, 1,331, 14,641, 1,61,051, 17,71,561. టీవీ కామెడీ రాసేటప్పుడు కూడా లెక్క సరిచూసుకున్నారు, ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. మా క్లాసులో ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ.

నిశిరాత్రి
మాస్టారూ, ఒక్కటీ చచ్చిపోదా ఆ మూడు రోజుల్లో?

లెక్కలమాస్టారు
ఆ ప్రశ్నకి ఎపిసోడ్‌లోనే జవాబుంది, ఇక్కడ రాస్తే గాలిపటం ఊరుకోడు.

గాలిపటం
ఊరుకోను.

చుక్కలరాయుడు
నా ఓటు 'ది డూమ్స్‌డే మెషీన్'కి. రెండో సీజన్, నార్మన్ స్పిన్‌రాడ్ రాసింది. గ్రహాలని ముక్కలు చేసి మింగేసే ఒక యంత్రం, ఎవరు చేశారో ఎందుకు చేశారో తెలియదు, వాళ్లంతా ఎప్పుడో పోయారు, అది మాత్రం తిరుగుతూనే ఉంది. ఎంటర్‌ప్రైజ్ వచ్చేసరికి కాన్‌స్టెలేషన్ అనే ఇంకో ఓడ పాడైపోయి తేలుతుంటుంది. లోపల ఒక్కడే మిగులుతాడు, కమడోర్ డెకర్, గడ్డం మాసి, బల్ల మీద వాలిపోయి. సిబ్బందిని కాపాడటానికి వాళ్లందర్నీ మూడో గ్రహం మీదకి దించేశానంటాడు. ఇక్కడ మూడో గ్రహం లేదు కదా అంటాడు కిర్క్. ఆ మాటకి డెకర్‌గా వేసిన విలియం విండమ్ మొహం చూడాలి. నాకు తెలియదనుకున్నావా అని అరుస్తూ విరిగిపోతాడు. అది ఒక్క నిమిషం సీన్. టీవీలో ఆ కాలంలో అంత నటన నేనింకెక్కడా చూడలేదు.

ఆ పాడైన ఓడ ఏమిటో తెలుసా? దుకాణాల్లో పిల్లలకి అమ్మే ప్లాస్టిక్ మోడల్ కిట్. దాన్నే కాల్చి, తూట్లు పొడిచి వాడారు. ఎంటర్‌ప్రైజ్ నంబరు 1701 కదా, కిట్‌లో వచ్చే అవే అంకెల స్టిక్కర్లని అటూ ఇటూ మార్చి 1017 అని అతికించారు.

కక్ష్య
@చుక్కలరాయుడు కానీ రీమాస్టర్ చేసిన వెర్షన్‌లో ఆ ఓడ, ఆ యంత్రం అంతా కొత్త గ్రాఫిక్స్. 2006లో మొదలుపెట్టి సిరీస్ మొత్తానికి అంతరిక్షం షాట్లు మార్చేశారు. ఈ ఎపిసోడ్ వరకూ కొత్తదే బాగుంది నా లెక్కలో. పాతదాంట్లో యంత్రం నిజంగా ఎంత పెద్దదో కంటికి అందదు.

చుక్కలరాయుడు
అస్సలు ఒప్పుకోను. కాలిన ప్లాస్టిక్కే అయినా అది చేత్తో ముట్టుకోగల వస్తువు, వెలుగు దాని మీద నిజంగా పడుతుంది. కొత్తది నున్నగా ఉంటుంది, భయం వేయదు.

కక్ష్య
బ్లూ-రేలో రెండూ ఇచ్చారు, చూస్తూ చూస్తూనే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారొచ్చు. కొత్తగా చూసేవాళ్లు ఏది దొరికితే అది చూడండి, పాత్రల మొహాలు మార్చలేదు కదా.

అలలు
ఇంతమంది రాశారు, ఊహూరా పేరు ఒక్కరు ఎత్తలేదు. బెస్ట్ లిస్టుల్లో ఆవిడకి పెద్ద భాగమున్న ఎపిసోడ్లు ఎందుకు ఉండవో కూడా ఆలోచించాలి. చాలా వారాలు ఆవిడకి ఇచ్చింది రెండు డైలాగులే. ఆ చిరాకుతోనే ఊహూరాగా వేసిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంది. అప్పుడు ఒక సభలో మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, మా ఇంట్లో పిల్లలతో కలిసి చూసే సిరీస్ ఇది, నువ్వు మానడానికి వీల్లేదన్నారని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది. ఒక నల్లజాతి అమ్మాయి పనిమనిషిగా కాకుండా ఓడ బ్రిడ్జ్ మీద ఆఫీసర్‌గా కూర్చోవడం 1966లో ఎంత పెద్ద సంగతో, పది ఎపిసోడ్లు ఏరుకుంటే కనపడదు. ఆవిడ ప్రతి వారం అక్కడే ఉంటుంది, అదీ విషయం. తర్వాత వ్యోమగామి అయిన మే జెమిసన్ చిన్నప్పుడు ఆవిడని చూసే స్ఫూర్తి పొందానని చెప్పింది.

'మిర్రర్, మిర్రర్' చూడండి. అందులో ఊహూరాకి నిజంగా చేయడానికి పనుంది, భయపడుతూనే ధైర్యం చేస్తుంది.

ఎర్రచొక్కా
అందులోనే ఇంకో లోకంలోని స్పాక్‌కి గడ్డం. గడ్డం ఉంటే దుష్ట లోకం, లేకపోతే మన లోకం, అంత తేలిక. అక్కడ నుంచే టీవీవాళ్లంతా నేర్చుకున్నారు.

నిశిరాత్రి
@అలలు నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే. ఏరుకుంటే కొందరు మనుషులు రాలిపోతారు.

వల్కన్_బాబాయ్
అలలు చెప్పిందానికి నా దగ్గర ఎదురు మాట లేదు. కానీ నిశిరాత్రీ, తీరిక లేదన్నవాళ్లని 79 చూడమంటే మూడోదానికే మానేస్తారు. పది చూసినవాళ్లు పదకొండోది వాళ్లే వెతుక్కుంటారు.

మధ్యగది
మూడో సీజన్ మొత్తం చెత్త అన్నట్టు మాట్లాడతారే, అది నాకు నచ్చదు. ఆ సీజన్‌కి ఏం జరిగిందో చూడండి. రెండో సీజన్‌తోనే ఆపేస్తారనుకుంటే బ్జో ట్రింబుల్, ఆవిడ భర్త జాన్ కలిసి అభిమానులతో ఉత్తరాలు రాయించారు, సంచులకొద్దీ. సిరీస్ వేసే ఛానెల్ ఎన్‌బీసీ దిగొచ్చింది. దిగొచ్చి, శుక్రవారం రాత్రి పది గంటలకి వేసింది. దీన్ని చూసే కుర్రకారు ఆ టైమ్‌కి ఇంట్లో ఎవరుంటారు? బడ్జెట్ కోశారు, సిరీస్ సృష్టికర్త రాడెన్‌బెర్రీ రోజువారీ పని నుంచి తప్పుకున్నాడు. ఆ చేతులు కట్టేసిన స్థితిలో కూడా 'ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్' తీశారు, 'ది థోలియన్ వెబ్' తీశారు, 'ఆల్ అవర్ యెస్టర్డేస్' తీశారు. చివరిదాంట్లో స్పాక్ అయిదు వేల ఏళ్ల వెనక్కి, మంచు యుగంలోకి పోయి, అక్కడ ఒంటరిగా బతుకుతున్న జారబెత్‌ని కలుస్తాడు. స్పాక్ జాతివాళ్లైన వల్కన్లు ఇంకా ఆవేశపరులుగా ఉన్న కాలమది, స్పాక్ కూడా మెల్లగా అలాగే మారిపోతాడు. మాంసం తింటాడు, డాక్టర్ గొంతు పట్టుకుంటాడు, ప్రేమలో పడతాడు. బాబాయ్ గారి 'నేకెడ్ టైమ్' దారి చివరికి చేరేది ఇక్కడికే, ఇది లేకుండా ఏ లిస్టూ నిండదు.

సుధ_ఎం
@మధ్యగది 'లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్' కూడా ఆ సీజనే కదా. సగం మొహం నలుపు, సగం తెలుపు.

మధ్యగది
అదే. ఒకడికి కుడి వైపు నలుపు, ఇంకొకడికి ఎడమ వైపు. అందుకే ఒకర్నొకరు చంపుకునేంత పగ. కిర్క్‌కి ఆ తేడా ఏమిటో మొదట అర్థమే కాదు. మరీ సూటిగా చెప్పారని విమర్శకులు పెదవి విరుస్తారు, 1969 జనవరిలో అమెరికాలో అంతకంటే చుట్టు తిప్పి చెప్పే అవసరం ఏముంది?

గాలిపటం
నా కేసు వేరు. నేను ఇప్పుడొచ్చే సైన్స్ ఫిక్షన్ మాత్రమే చూస్తాను, పాతవాటికి స్లో అని భయం. మొట్టమొదటిది ఒక్కటి చెప్పండి, నచ్చితే మిగతాది మీ ఇష్టం.

చుక్కలరాయుడు
డూమ్స్‌డే. ఆలోచించకు.

కక్ష్య
'ది అల్టిమేట్ కంప్యూటర్'. ఓడ మొత్తాన్ని నడపగల ఎం-5 అనే యంత్రాన్ని తెచ్చి బిగిస్తారు, ఇరవై మంది సిబ్బంది చాలు, కెప్టెన్ అక్కర్లేదంటారు. కిర్క్ తన కుర్చీలోనే కూర్చుని, నేనిక దేనికి అనుకుంటాడు. ఆ యంత్రం చేసినాయన డేస్ట్రమ్ తన మెదడు అచ్చునే అందులోకి ఎక్కించాడు, ఆయన మనసులో ఉన్న గుబులంతా దానికీ వచ్చింది. 1968లో ప్రసారమైంది, ఇవాళ మన ఆఫీసుల్లో జరిగే టెన్షన్ అంతా అందులో ఉంది.

లెక్కలమాస్టారు
కిర్క్ చివరికి యంత్రంతో వాదించి దాన్ని ఓడించడం వీళ్లకి అలవాటు సుమా. లాండ్రూ, నోమాడ్, ఎం-5. ఆయన నోరు ముందు ఏ యంత్రమూ నిలవదు.

గాలిపటం
మాస్టారూ!!! ఇప్పుడేగా ముగింపులు వద్దన్నది.

లెక్కలమాస్టారు
ఎలా ఓడిస్తాడో చెప్పలేదు కదయ్యా. చూడు, అందులోనే ఉంది రుచి.

కౌముది
బాబాయ్ గారు చెప్పిన వరసలో చూస్తున్నా. 'కార్బొమైట్' నెమ్మదిగా నడిచినా ఆ బుకాయింపు నచ్చింది. 'నేకెడ్ టైమ్' గురించి ఏం రాయాలో తెలియట్లేదు, స్పాక్ ఆ గది తలుపు మూసుకోవడం ఒక్కటి చాలు.

కానీ అన్నిటికంటే నన్ను పట్టేసింది 'ది డెవిల్ ఇన్ ది డార్క్'. గనిలో మనుషుల్ని చంపుతున్న రాకాసిని చంపాలని బయల్దేరతారు, మొదటి సగం అంతా నేనూ గని కార్మికుల పక్షమే. రాతిని ఆమ్లంతో కోసుకుంటూ వచ్చే జీవి, చూడటానికి పాత కార్పెట్ ముద్దలా ఉంది, లోపల మనిషి పాకుతున్నాడని తెలుస్తూనే ఉంటుంది. అయినా స్పాక్ దాని మీద చేయి వేసి దాని నొప్పిని తన గొంతుతో చెప్పేటప్పుడు కార్పెట్ గుర్తుకు రాలేదు. కిర్క్, స్పాక్ మధ్యలో మాటలు తిరగబడటం ఎవరైనా గమనించారా? మొదట చంపొద్దన్నది స్పాక్, చంపమన్నది కిర్క్. తీరా కిర్క్ ఒంటరిగా దాని ఎదురుపడితే, చంపెయ్ అని గొంతు పెంచేది స్పాక్. స్నేహితుడికి ప్రమాదం అనేసరికి ఆయన తర్కం ఎటుపోయిందో!

ఇది చూశాక 'సిటీ' మళ్లీ పెట్టాను. ఈసారి కిర్క్ మొహమే చూస్తూ కూర్చున్నా. గాలిపటం కోసం ఇంతకంటే రాయను.

పాతటీవీ
'ది డెవిల్ ఇన్ ది డార్క్' షూటింగ్ మధ్యలోనే కిర్క్‌గా వేసిన విలియం షాట్నర్‌కి తండ్రి పోయారన్న కబురు వచ్చింది. ఆ రోజు పని పూర్తి చేసే వెళ్లాడు. తనకి ఇష్టమైన ఎపిసోడ్ అదేనని తర్వాత చెప్పాడు.

ఎర్రచొక్కా
డాక్టర్ మెకాయ్ ఆ జీవికి కాంక్రీట్ పూసి కట్టు కట్టడం మర్చిపోయారు మీరంతా. నేను డాక్టర్ని, తాపీ మేస్త్రీని కాదు అని విసుక్కుంటూనే ఎంత బాగా పూశాడో.

కౌముది
:) అది కూడా నచ్చింది. తర్వాత ఏది? లిస్టులో 'స్పేస్ సీడ్' ఉంది, దాని కొనసాగింపే 1982 సినిమా అంటున్నారు. వెంటనే సినిమా చూసేయొచ్చా?

మధ్యగది
చూడొచ్చు. విలన్ ఖాన్‌గా రెండింట్లోనూ రికార్డో మోంటల్బాన్ ఒక్కడే. ఎపిసోడ్ చూడకపోతే సినిమాలో ఆయన పగ గాలిలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

లెక్కలమాస్టారు
అందులో ఒక తిరకాసు ఉంది. సినిమాలో ఖాన్ ఓడ సిబ్బందిలో ఒకడైన చెకోవ్‌ని చూడగానే గుర్తుపడతాడు. 'స్పేస్ సీడ్' మొదటి సీజన్, చెకోవ్ పాత్ర వచ్చిందే రెండో సీజన్‌లో. ఎక్కడ చూశాడు మరి?

ఎర్రచొక్కా
చెకోవ్ అప్పటికే ఓడలో కింది డెక్‌లో డ్యూటీ చేస్తున్నాడు, కెమెరా అటు వెళ్లలేదు, అంతే.

వల్కన్_బాబాయ్
కౌముదీ, సినిమా కొన్నాళ్లు ఆపు. 'స్పేస్ సీడ్' అయ్యాక ముందు 'అమోక్ టైమ్' చూడు, తర్వాత మధ్యగది చెప్పిన 'ఆల్ అవర్ యెస్టర్డేస్'. 1982 సినిమాకి బలమంతా కిర్క్, స్పాక్ స్నేహంలోనే ఉంది. ఖాన్ ఎవరో తెలియడం ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం.

నిశిరాత్రి
మధ్యలో 'దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్' కూడా. స్పాక్ చెట్టు కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ నవ్వుతాడు, అది వదిలేస్తే ఎలా?

కౌముది
సరే, ఆ నాలుగూ రాసుకున్నా. ఇవాళ 'అమోక్ టైమ్'.